స్టీల్ తీగ యంగ్ గుణకం 1.45 దగ్గరే ఆగిపోతోంది, తప్పు ఎక్కడ?

మీ ప్రశ్న క్లుప్తంగా: సెర్ల్ పరికరంతో (పక్కపక్కనే వేలాడే రెండు తీగలు; ఒకదానికి బరువులు వేసి, సాగుదలని స్పిరిట్ లెవెల్ బుడగ, మైక్రోమీటర్ స్క్రూలతో చదువుతారు) స్టీల్ తీగ యంగ్ గుణకం, అంటే సాగడాన్ని లోహం ఎంత ఎదిరిస్తుందో చెప్పే విలువ, కొలిస్తే 1.45 × 10¹¹ పాస్కల్ వస్తోంది, పుస్తకంలో 2 × 10¹¹ ఉంది. తీగ పొడవు 1.95 మీటర్లు, వ్యాసం 0.54 మి.మీ., అరకిలో చొప్పున నాలుగు కిలోల దాకా వేశారు. బరువులన్నీ దించాక రీడింగ్ సున్నాకి రాకుండా 0.12 మి.మీ. దగ్గర నిలిచిపోయింది. మూడుసార్లు చేసినా అంతే వచ్చేసరికి తీగ మంచిది కాదేమోనని మీ అనుమానం. దాంతోపాటు ఇంకో రెండు అడిగారు: లావు తీగ తక్కువ సాగుతుంది కదా, దాని గుణకం ఎక్కువా? రాగికి మోటార్ వైండింగ్ తీగ పనికొస్తుందా?

ముందు జవాబు: తీగలో లోపం లేదు. మీరు పంపిన రీడింగుల్లోనే సుమారు 1.9 × 10¹¹ ఉంది. అది రెండు చోట్ల పోయింది. తీగలోని వంకరలు సాపు కావడాన్ని కూడా మీరు సాగుదల కింద లెక్క కట్టారు. వ్యాసం ఉన్నదానికంటే ఎక్కువ తీసుకున్నారు. ఈ రెండు తప్పులూ గుణకాన్ని కిందికే లాగుతాయి. పద్ధతి మార్చకుండా మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే విలువ వస్తుంది. రీడింగులు ఒకదానితో ఒకటి కలిశాయంటే అవి సరైనవని కాదు, ఒకే తప్పు మూడుసార్లు జరిగి కూడా కలుస్తాయి.

మీ రీడింగులు మళ్లీ ఒకసారి చూడండి. 0.5 కిలోకి 0.46 మి.మీ., తర్వాత వరుసగా 0.82, 1.09, 1.34, 1.58, 1.82, 2.07, 4 కిలోలకి 2.31. వీటిని కాదు, వీటి మధ్య తేడాలని రాసుకోండి: 0.46, 0.36, 0.27, 0.25, 0.24, 0.24, 0.25, 0.24. ప్రతిసారీ వేసింది అదే అరకిలో. మొదటి అరకిలోకి సాగినదాంట్లో సగం మాత్రమే చివరి అరకిలోకి సాగింది. ఏ లోహమూ ఇలా సాగదు. మొదటి మూడు మెట్లలో జరిగింది సాగడం కాదు, చుట్ట నుంచి విప్పిన తీగలో మిగిలిన వంపులు నిటారు కావడం. వంగిన తీగని నిటారు చేయడానికి కావలసిన బలం నిటారు తీగని సాగదీయడానికి కావలసిన బలం ముందు చాలా తక్కువ. అందుకే చిన్న బరువుకే పెద్ద రీడింగ్ వచ్చేస్తుంది.

మీరు మొత్తం 2.31ని 4తో భాగించి కిలోకి 0.578 మి.మీ. అనుకున్నారు. 1.5 కిలోల నుంచి 4 కిలోల దాకా ఉన్న సరళరేఖ భాగం మాత్రమే తీసుకుంటే 2.5 కిలోలకి 1.22 మి.మీ., అంటే కిలోకి 0.488. మీ వ్యాసం 0.54ని అలాగే ఉంచి, ఈ ఒక్క మార్పుతో లెక్క వేస్తే గుణకం 1.71 × 10¹¹ అవుతుంది. సూత్రం మీకు తెలిసిందే:

యంగ్ గుణకం = (బలం × పొడవు) ÷ (మధ్యచ్ఛేద వైశాల్యం × సాగుదల)

మిగిలిన లోటు వ్యాసంలో ఉంది. బజార్లో తీగలు గేజి లెక్కన వస్తాయి, అంటే తీగ మందాన్ని చెప్పే అంకె. 24 గేజి 0.559 మి.మీ., 25 గేజి 0.508 మి.మీ. మీ 0.54 ఈ రెండింటికీ మధ్యన ఉంది. 24 గేజి అనుకుని లెక్కిస్తే గుణకం 1.6 × 10¹¹ వస్తుంది, అది స్టీలు విలువ కాదు. కాబట్టి మీది 25 గేజి తీగ అయ్యుండాలి, వ్యాసం కొలిచే స్క్రూ గేజిలో మూడు విభాగాల (ఒక్కోటి 0.01 మి.మీ.) ధన శూన్యాంశ దోషం ఉండుండాలి. దవడలు ఖాళీగా మూసినప్పుడు సున్నాకి బదులు 3 చూపిస్తోందేమో చూడండి, మీరు పంపిన పట్టికలో ఆ గడి ఖాళీగా ఉంది. 0.03 తీసేస్తే వ్యాసం 0.51, గుణకం 1.92 × 10¹¹.

పొడవు, బరువు, సాగుదల ఒక్కొక్కసారే లెక్కలోకి వస్తాయి. వ్యాసం మాత్రం వర్గమై వస్తుంది, దానిలో 6 శాతం తప్పు వైశాల్యంలో 12 శాతం అవుతుంది. ఈ ప్రయోగంలో ఎక్కువ మంది పొడవుని మిల్లీమీటరు దాకా జాగ్రత్తగా కొలుస్తారు. 1.95 మీటర్లలో 1 మి.మీ. తప్పినా పోయేది 0.05 శాతమే. అదే మనిషి వ్యాసాన్ని ఒక్కచోట, ఒక్కసారి కొలిచి వదిలేస్తాడు. శ్రద్ధ పెట్టాల్సిన చోటు అది.

వ్యాసం ఎలా కొలవాలి? తీగ మీద ఐదు చోట్ల, ఒక్కో చోట ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో, మొత్తం పది రీడింగులు. తీగ పూర్తి గుండ్రంగా ఉండదు, అందుకే రెండు దిశలు. స్క్రూని చేత్తో బిగించకండి, చివరన ఉన్న రాచెట్‌ని తిప్పి టిక్ టిక్ అనగానే ఆపండి. చేత్తో బిగిస్తే మెత్తటి తీగ ఒక విభాగం మేర నలిగిపోతుంది. చక్ (తీగ చివరని పట్టి ఉంచే బిగింపు) నొక్కిన చోట, తుప్పు ఉన్న చోట కొలవొద్దు. జింకు పూత ఉన్న జీఐ తీగైతే పూత మందం కూడా వ్యాసంలో కలుస్తుంది, మామూలు స్టీలు తీగ దొరికితే అదే మేలు.

స్క్రూ గేజి కంటే నమ్మకమైన దారి ఇంకొకటి ఉంది, రికార్డుల్లో ఎవరూ రాయరు. అదే చుట్టలోంచి సరిగ్గా ఒక మీటరు ముక్క కత్తిరించి తూకం వేయండి. స్టీలు సాంద్రత ఘనమీటరుకి 7850 కిలోలు. వ్యాసం 0.51 అయితే ఆ ముక్క 1.60 గ్రాములు తూగుతుంది, 0.54 అయితే 1.80 గ్రాములు. కెమిస్ట్రీ ల్యాబ్ త్రాసు అక్కర్లేదు, బంగారం కొట్లో ఉండే 0.01 గ్రాము తూకం చాలు. బరువుని పొడవుతోనూ సాంద్రతతోనూ భాగిస్తే నేరుగా వైశాల్యమే వస్తుంది, వర్గం చేయాల్సిన పనే లేదు. దీనిలో తప్పు ఒక శాతం లోపే ఉంటుంది. స్క్రూ గేజి ఒక్క విభాగం అటూ ఇటూ అయితే నాలుగు శాతం పోతుంది. నేనైతే రెండూ చేసి, రెండూ కలిస్తేనే ముందుకెళ్లమంటాను.

ఇక వంకరల సంగతి. దీనికి మందు డెడ్ లోడ్: ప్రయోగం పొడవునా హ్యాంగర్ (తీగ కింద బరువులు పెట్టే కొక్కెం) మీద ఉంచేసే బరువు. మీ తీగకి ఒకటిన్నర కిలోలు సరిపోతాయని మీ తేడాలే చెబుతున్నాయి, అక్కడి నుంచే అవి సమానమయ్యాయి. వేరే తీగకి వేరే బరువు కావాలి, దానికి లెక్కేమీ లేదు. అరకిలో చొప్పున వేస్తూ, వరుసగా మూడు తేడాలు సమానంగా వచ్చేదాకా చూడండి, ఆ సమాన తేడాలు మొదలయ్యే ముందు ఉన్నదే డెడ్ లోడ్. అక్కడి రీడింగుని సున్నాగా పెట్టుకుని దానిపైన వేసిన బరువులే పట్టికలో రాయండి. డెడ్ లోడ్ వల్ల తీగ అప్పటికే కొంత సాగి ఉంటుంది కదా అనే సందేహం అక్కర్లేదు, మనకి కావలసింది గ్రాఫు వాలు, అంటే కిలోకి ఎంత సాగిందన్నది. రెండో తీగకి, అంటే పోల్చి చూసుకునే తీగకి కూడా అలాంటి బరువే తగిలించి ఇక దాని జోలికి పోవద్దు.

రీడింగులు మొదలుపెట్టే ముందు పూర్తి బరువు వేసి, డెడ్ లోడ్ దాకా దించి, మళ్లీ వేసి రెండు మూడుసార్లు చేయండి. తీగ సర్దుకుంటుంది, చక్‌లో పట్టు కుదురుకుంటుంది. తీగని మేకుకి చుట్టి లాగడం, పటకారుతో వంపులు తీయడం మాత్రం చేయకండి. ఆ చోట్ల నొక్కులు పడి మందం మారిపోతుంది.

బరువులు దించాక మిగిలిన ఆ 0.12 మి.మీ. ఎక్కడిది? దీనికి మూడు కారణాలు ఉండొచ్చు: వంకరలు కొన్ని శాశ్వతంగా సాపు కావడం, తీగ చక్‌లో జారడం, లేదా తీగ స్థితిస్థాపక అవధి (దాటితే తీగ పూర్తిగా వెనక్కి రాని హద్దు) దాటడం. అవధి దాటి ఉంటే చివరి మెట్ల తేడాలు పెరగాలి. 0.24, 0.25 కాస్తా 0.30, 0.45 అయిపోవాలి. మీకు చివరి మెట్లు అన్నింటికంటే నిలకడగా ఉన్నాయి, కాబట్టి మీ తీగ అవధి దాటలేదు. తేడాలు వాటిని చదివేవాళ్లకి చాలా చెబుతాయి. మొదట్లో పెద్దవైతే వంకరలు. చివర్లో పెద్దవైతే అవధి. మధ్యలో ఎక్కడో ఒక్కటి హఠాత్తుగా ఎగిరితే జారుడు, లేదా మైక్రోమీటర్ స్క్రూని వెనక్కి తిప్పడం. అన్నీ సమానంగా ఉండి గుణకం మాత్రం తప్పితే వ్యాసాన్నో బరువులనో అనుమానించాలి.

మీ తేడాల్లో ఎక్కడా ఎగురుడు లేదు కాబట్టి 0.12లో ఎక్కువ భాగం వంకరలదే. అయినా జారుడు లేదని తేల్చుకోవడం తేలిక. పై చక్, కింది చక్ నోళ్ల దగ్గర తీగ మీద సన్నటి పెన్నుతో గీత పెట్టండి. పూర్తి బరువు వేసి దించాక గీత చక్ నుంచి బయటికి జరిగితే జారినట్టే. కొత్త తీగకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, జారడానికి ముఖ్య కారణం అదే. చివర్లని కిరసనాయిలు గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. చక్ పళ్లు అరిగిపోతే సన్న గరుకు కాగితం ముక్కని తీగకి చుట్టి బిగించవచ్చు. మూడు నాలుగు సెంటీమీటర్ల తీగైనా చక్ లోపల ఉండాలి.

జారుడినీ అవధి దాటడాన్నీ వేరు చేసే పరీక్ష ఇంకొకటి: అదే బరువులతో రెండోసారి చేయండి. అవధి దాటిన తీగ రెండోసారి అదే బరువు దాకా బుద్ధిగా సరళరేఖలో సాగి, దించితే వెనక్కి వస్తుంది. ఎందుకంటే మొదటిసారి సాగినప్పుడే అది గట్టిపడింది. జారే తీగ మాత్రం ప్రతిసారీ కొంచెం కొంచెం జారుతూనే ఉంటుంది.

ఎంత బరువు దాకా వెళ్లొచ్చు? తెగే బరువులో సగం దాటొద్దన్నది ల్యాబుల్లో వాడుక. 0.51 మి.మీ. తీగ మీద 4 కిలోలంటే ప్రతిబలం 192 మెగాపాస్కల్. మెత్తటి స్టీలు సుమారు 250 దగ్గర లొంగిపోతుంది, అంటే వెనక్కి రాకుండా సాగడం మొదలుపెడుతుంది, 400 దగ్గర తెగుతుంది. అంటే మెత్తటి తీగైతే మీరు సరిగ్గా హద్దు మీద ఆగారు. చల్లగా లాగి గట్టిపరిచిన తీగ, పియానో తీగ లాంటివైతే 1500 మెగాపాస్కల్ పైనే తట్టుకుంటాయి. వాటికి నాలుగు కిలోలు లెక్కే కాదు. ఏ రకమో తెలియనప్పుడు తీగని వేలికి చుట్టి వదలండి. చుట్టినట్టే ఉండిపోతే మెత్తటిది, స్ప్రింగులా విచ్చుకుంటే గట్టిది. హార్డ్‌వేర్ షాపులో స్లాబు కడ్డీలు కట్టడానికి అమ్మే బైండింగ్ వైరు మొదటి రకం. అది సాధారణంగా 18 గేజి, అంటే 1.2 మి.మీ. పైన. ఆ లావుకి రెండు మీటర్ల తీగ కిలోకి 0.08 మి.మీ. మాత్రమే సాగుతుంది. మీ మైక్రోమీటర్ కనీసపు కొలత 0.01 కాబట్టి ప్రతి రీడింగులోనూ పన్నెండు శాతం అనిశ్చితి. ఈ ప్రయోగానికి ఆ తీగ దండగ.

బరువుని ఎప్పుడూ మెల్లగా దించి హ్యాంగర్ మీద ఆనించాలి, వదిలేయకూడదు. హఠాత్తుగా పడిన బరువు ఆ క్షణానికి రెట్టింపు సాగుదల ఇస్తుంది. 3.5 కిలోల మీద అరకిలోని టప్పున వదిలితే తీగ ఒక్క క్షణం 4.5 కిలోలు మోసినట్టే. మీ తీగ ఉన్న హద్దులో అది చిన్న విషయం కాదు. హ్యాంగర్ కింద ఇసుక బకెట్ పెట్టండి, తీగ మొహం ఎత్తులో ఉంటే కళ్లద్దాలు పెట్టుకోండి. తెగిన తీగ కొరడాలా పైకి లేస్తుంది.

ఇప్పుడు లావు తీగ సందేహం. లావు తీగ తక్కువ సాగడం నిజం, దాని గుణకం ఎక్కువ అనడం తప్పు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. కిలోకి ఎంత సాగుతుంది అనేది ఆ తీగ సంగతి: పొడవు రెట్టింపైతే సాగుదల రెట్టింపు, వ్యాసం రెట్టింపైతే నాలుగో వంతు. గుణకం ఆ లోహం సంగతి. ఒకే చుట్టలోంచి మీటరు ముక్కనీ రెండు మీటర్ల ముక్కనీ తీసి చూడండి, సాగుదలలు వేరు, గుణకం ఒకటే. పొడవునీ లావునీ లెక్కలోంచి తీసేయడానికే బలాన్ని వైశాల్యంతో భాగించి ప్రతిబలం అన్నారు, సాగుదలని అసలు పొడవుతో భాగించి వికృతి అన్నారు.

తీగ లోపల ఏం జరుగుతుందో ఊహించుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. ఇనుములో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.248 నానోమీటర్లు. మీ 1.95 మీటర్ల తీగ పొడవునా అలాంటి ఖాళీలు సుమారు 790 కోట్లు. 4 కిలోలు వేసినప్పుడు ఒక్కో ఖాళీ 0.00024 నానోమీటర్లు పెరుగుతుంది, వెయ్యోవంతు కూడా కాదు. అన్నీ కలిపితే 1.87 మి.మీ. పొడవు పెరిగితే ఖాళీల సంఖ్య పెరుగుతుంది కాబట్టి మొత్తం సాగుదల పెరుగుతుంది. లావు పెరిగితే ఆ బరువుని పంచుకునే పరమాణు వరుసలు పెరుగుతాయి, ఒక్కో వరుస మీద పడేది తగ్గుతుంది. గుణకం మాత్రం ఒక్క బంధం ఎంత బిగువుగా ఉంది అన్నదాని మీదే ఆధారపడుతుంది. పరమాణువులు తమ తావు నుంచి ఇంత కొంచెమే కదిలితే వెనక్కి లాగే బలం ఆ కదలికకి అనులోమంగా ఉంటుంది. మీ గ్రాఫు సరళరేఖ కావడానికి కారణం అదే, హుక్ నియమం అక్కడి నుంచే పుడుతుంది. రబ్బరు అయితే ఇలా కాదు. అందులో ముడుచుకుని ఉన్న పొడవాటి అణువులు విచ్చుకుంటాయి, అందుకే అది రెండింతలు మూడింతలు సాగగలదు, గ్రాఫూ వంకరే.

మీరు అడగలేదు గానీ ఈ ప్రశ్న వెనకే వచ్చేది ఒకటి ఉంది: గట్టి స్టీలు తక్కువ సాగుతుందా? సాగదు, అంటే తక్కువేమీ సాగదు. మెత్తటి స్టీలుకైనా స్ప్రింగు స్టీలుకైనా యంగ్ గుణకం 2 × 10¹¹ దరిదాపుల్లోనే. కాల్చి నీళ్లలో ముంచినా, కార్బన్ కాస్త పెంచినా బంధాల బిగువు చెప్పుకోదగ్గంత మారదు. మారేది లొంగే హద్దు. లోహంలో పరమాణు పొరలు వరస తప్పిన గీతలు ఉంటాయి, వాటినే డిస్‌లొకేషన్లు అంటారు. పొర మొత్తం ఒకేసారి జారాలంటే చాలా పెద్ద బలం కావాలి, ఈ గీత ఒక్కో వరస దాటుకుంటూ జరగడానికి కొద్ది బలం చాలు. పెద్ద జంపఖానాని లాగి జరపలేం, ఒక అంచున మడత పెట్టి ఆ మడతని అటు చివరికి తోస్తే తేలిగ్గా జరుగుతుంది, అలాగన్నమాట. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ ముగ్గురూ విడివిడిగా చెప్పింది ఇదే. గట్టిపరచడం అంటే ఆ మడతలకి అడ్డంకులు పెట్టడం. అప్పుడు తీగ ఎక్కువ బరువు దాకా లొంగదు, కానీ లొంగేలోపు కిలోకి అంతే సాగుతుంది. మీరు తీగ మార్చి గట్టిది తెచ్చుకున్నా 1.45 మారదు, కొలత మారాలి.

రాగి తీగ దగ్గరికి వద్దాం. మోటార్ వైండింగ్ తీగలో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది ఎనామిల్ పూత. లోపలి రాగి 0.50 మి.మీ. ఉంటే పూతతో కలిపి 0.55 దాకా ఉండొచ్చు. పూతతో కొలిస్తే వైశాల్యం 21 శాతం ఎక్కువై గుణకం 17 శాతం పడిపోతుంది. పూత కాల్చి తీయాలంటే వేరే ముక్క మీద కాల్చి, సన్న గరుకు కాగితంతో తుడిచి దాని వ్యాసం కొలవండి. ప్రయోగం చేసే తీగని మాత్రం మంట దగ్గరికి తీసుకెళ్లొద్దు.

రెండో చిక్కు పెద్దది. వైండింగ్ తీగ తేలిగ్గా వంగడానికి ముందే కాల్చి మెత్తబరిచిన రాగితో చేస్తారు. అది 50 నుంచి 70 మెగాపాస్కల్ దగ్గరే లొంగడం మొదలుపెడుతుంది. 0.50 మి.మీ. తీగ మీద ఒక్క కిలో అంటేనే 50 మెగాపాస్కల్. స్టీలుకి వేసినట్టు నాలుగు కిలోలు వేస్తే తీగ కళ్ల ముందే సాగిపోతుంది, గ్రాఫులో సరళరేఖ భాగమే దొరకదు. దీనికి రెండు దారులు ఉన్నాయి. 20 గేజి తీగ తీసుకోండి, వ్యాసం 0.914 మి.మీ. కిలోకి ప్రతిబలం 15 మెగాపాస్కల్, రెండు మీటర్లకి సాగుదల సుమారు 0.25 మి.మీ. అరకిలో చొప్పున, డెడ్ లోడ్‌తో కలిపి రెండున్నర కిలోలకి ఆపేయాలి. లేదా సన్న తీగనే ముందుగా పెద్ద బరువుతో ఒకటి రెండు శాతం, అంటే రెండు మీటర్లకి రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు, లాగి వదలండి. గట్టిపడిన తీగ ఇక ఆ లాగిన బరువు లోపల సరళరేఖలో సాగుతుంది. వ్యాసం లాగిన తర్వాతే కొలవాలి. రాగి గుణకం 1.1 నుంచి 1.3 × 10¹¹ మధ్య ఎక్కడ వచ్చినా సంతోషించండి.

రాగి విషయంలో మరో సంగతి: రీడింగు స్థిరపడటానికి సమయం ఇవ్వండి. స్టీలుకి ఒక నిమిషం చాలు. రాగికి రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆగినా బుడగ ఇంకా జరుగుతూనే ఉంటే తీగ లొంగుతోందని అర్థం, అక్కడితో ఆపేయాలి. కొందరు సైకిల్ బ్రేక్ వైరు తెచ్చి కొలుస్తారు, అది అసలు పనికిరాదు. మెలిపెట్టిన పోగులు ముందు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుంటాయి, ఆ తర్వాత గానీ లోహం సాగదు. క్రేన్లకీ లిఫ్టులకీ వాడే మెలితిప్పిన ఉక్కు తాళ్లు ఇందువల్లే గట్టి కడ్డీతో పోలిస్తే సుమారు సగం గుణకం ఉన్నట్టు సాగుతాయి. కొత్త తాడులో మొదట వచ్చే సాగుడు కొంత వెనక్కి రాదు కూడా. మీ తీగ మొదటి మూడు మెట్లలో చేసింది దీనికి చిన్న నమూనా.

ఉష్ణోగ్రత గురించి కూడా చెప్పాలి. స్టీలు డిగ్రీకి మీటరుకి 12 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది. మీ తీగ ఒక్క డిగ్రీకి 0.023 మి.మీ. పెరుగుతుంది, అది అరకిలో ఇచ్చే సాగుదలలో పదో వంతు. రెండో తీగ ఉన్నది అందుకే: వేడికి రెండూ కలిసి పెరుగుతాయి, పై కప్పు దూలం కొద్దిగా వంగితే రెండూ కలిసి దిగుతాయి, స్పిరిట్ లెవెల్ బుడగకి తేడా తెలియదు. ఈ ఏర్పాటు పనిచేయాలంటే రెండు తీగలూ ఒకే లోహానివి కావాలి. రాగి ప్రయోగం చేసేటప్పుడు పోల్చే తీగగా స్టీలుని వదిలేస్తే ఆ రక్షణ కొంత పోతుంది. ఒక తీగ మీదే ఎండ పడకుండా, ఒక దానికే ఫ్యాను గాలి తగలకుండా చూసుకోండి. మైక్రోమీటర్ స్క్రూని ఎప్పుడూ ఒకే దిశలో తిప్పి బుడగని మధ్యకి తీసుకురావాలి. దాటిపోతే బాగా వెనక్కి వచ్చి మళ్లీ అదే దిశలో రండి.

బరువుల మీద చెక్కిన అంకెని గుడ్డిగా నమ్మొద్దు. ఏళ్ల తరబడి వాడిన అరకిలో బిళ్లలు అంచులు విరిగి తేలికైపోతాయి, కొన్ని తుప్పు పట్టి బరువెక్కుతాయి. ఒక్కసారి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి ప్రతి బిళ్ల అసలు బరువు రాసుకోండి. బిళ్ల తేలికైతే గుణకం ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది, కాబట్టి మీ 1.45కి ఇది కారణం కాదు. గురుత్వ త్వరణం 9.8 వేసుకోండి. హైదరాబాద్ లాంటి చోట అసలు విలువ 9.78 దగ్గర, ఆ తేడా 0.2 శాతం, వ్యాసంలో ఉన్న అనిశ్చితి ముందు కనబడదు. బరువు వేసినప్పుడు తీగ సన్నబడుతుంది కదా అని కూడా కొందరు అడుగుతారు. నాలుగు కిలోలకి మీ తీగ వ్యాసం తగ్గేది 0.00015 మి.మీ. అది స్క్రూ గేజికి అందదు, లెక్కకీ అక్కర్లేదు.

సెర్ల్ పరికరం ఖాళీ లేకపోతే పొడవు పెంచడమే మార్గం. రాబర్ట్ హుక్ 1678లో తన నియమాన్ని వివరిస్తూ ఇరవై, ముప్పై, నలభై అడుగుల తీగని మేకుకి తగిలించి కింద తక్కెడ పళ్లెం కట్టి చూడమన్నాడు. కాలేజీ మెట్ల మధ్య ఖాళీలో 25 గేజి తీగని ఎనిమిది మీటర్లు వేలాడదీస్తే కిలోకి 1.9 మి.మీ. సాగుతుంది, గోడకి బిగించిన వెర్నియర్ స్కేలుతోనే చదివేయొచ్చు. అంత పొడవుకి డిగ్రీకి దాదాపు 0.1 మి.మీ. వ్యాకోచం కూడా ఉంటుంది కాబట్టి పక్కన రెండో తీగ అక్కడా తప్పనిసరి.

మీ రికార్డులో 2.00 అని దిద్ది రాయకండి. వ్యాసం 0.51 లో ఒక విభాగం అనిశ్చితికి నాలుగు శాతం, వాలుకి ఒక శాతం పోను, (1.92 ± 0.08) × 10¹¹ పాస్కల్ అని రాయండి. పుస్తకం విలువ ఆ హద్దులోనే పడుతుంది. రాసే ముందు ఆ స్క్రూ గేజి దవడలు మూసి, సున్నా ఎక్కడుందో ఒకసారి చూసి చెప్పండి. అది 3 కాకపోతే నా ఊహ తప్పు, అప్పుడు మీటరు ముక్క తూకం ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి, అక్కడి నుంచి చూద్దాం.